కానుక కవరు, చెల్లి బాకీ: క్షమాపణ వాక్యం ఎవరికి చెప్పాలో పొరబడిన ఒక కేసు

ఈ కేసు రాయడానికి ఇందులోని అన్న, చెల్లి ఇద్దరూ ఒప్పుకున్నారు. రాసింది ముందు చెల్లికి, తర్వాత అన్నకు చదివి వినిపించాను. వాళ్లెవరో తెలిసిపోయే వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను.

కొత్తగా సేవలోకి వచ్చిన సంఘ కాపరులు (పాస్టర్లు) కుటుంబ తగాదాల గురించి అడిగినప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది ఈ కేసే. బాగా చేశానని కాదు. ఇంచుమించు ఆరు నెలలపాటు సువార్త వాక్యాలతోనే ఒక మనిషిని నలిపేశాను. చెప్పిన వాక్యాల్లో ఒక్కటీ తప్పు కాదు. ఆ మాట ప్రభువు ఎవరితో అన్నాడో మాత్రం చూసుకోలేదు.

నేపథ్యం

అన్న మా సంఘ పెద్దల్లో ఒకరు. సొంత వ్యాపారం ఉంది. చెల్లి ఆయనకన్నా బాగా చిన్నది, నెల జీతం మీద బతికే మనిషి. అమ్మానాన్నలు పోయాక పుట్టింటి వైపు ఆమెకు మిగిలింది ఈ అన్న ఒక్కడే. కేసు నా దగ్గరికి వచ్చేనాటికి ఆరేళ్ల ముందు, వ్యాపారం పెంచుకోవాలని ఆయన ఆమె దగ్గర డబ్బు తీసుకున్నాడు. ఆమె లెక్కలో అది 14 నెలల జీతం. కాగితం రాసుకోలేదు. "ఆరు నెలల్లో ఇచ్చేస్తానమ్మా" అన్నాడు. మొదటి ఏడాదిలో రెండు నెలల జీతమంత వెనక్కి వచ్చింది. ఆ తర్వాత ఆగిపోయింది.

అడిగినప్పుడల్లా జవాబు మారేది. మొదట్లో "వచ్చే నెల" అనేవాడు. తర్వాత "దేవుడు ఆశీర్వదించగానే" అన్నాడు. ఆఖరికి "సొంత అన్నను నమ్మవా?" అన్నాడు. ఆ మాట విన్నాక ఆమె అడగడం మానేసింది.

ఈలోగా మా మందిరం పెంచే పని మొదలైంది. అన్న పెద్ద మొత్తం ఇస్తానన్నాడు, నాలుగు విడతల్లో. మూడో విడత ఇచ్చిన ఆదివారం నేనే మైకులో ఆయన పేరు చెప్పి అందరిచేత చప్పట్లు కొట్టించాను. వెనక వరుసలో చెల్లి లేచి బయటికి వెళ్లడం కనిపించింది. ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను.

ఏ సమస్యతో వచ్చారు

నా దగ్గరికి వచ్చింది చెల్లి కాదు, అన్న.

"అయ్యగారూ, మా చెల్లి మూడు నెలల నుంచి ప్రభువు బల్ల తీసుకోవడం లేదు. మనసులో చేదైన వేరు పెట్టుకుంది. ఏవో పాత డబ్బు విషయాలు. మీరు కాస్త వాక్యం చెప్పండి, మీ మాటైతే వింటుంది" అన్నాడు.

ప్రభువు బల్ల అంటే ఆరాధనలో రొట్టె, ద్రాక్షారసం పంచుకోవడం. "చేదైన వేరు" బైబిలు హెబ్రీ పత్రికలో మాట. వాక్యం బాగా తెలిసినవాళ్లు తమ సమస్యను కూడా వాక్యం మాటల్లోనే పట్టుకొస్తారు. అలా వచ్చేసరికి సగం తీర్పు ముందే అయిపోయి ఉంటుంది. రోగి చెల్లి, రోగం చేదు, మందు క్షమాపణ. నేను చేయాల్సిందల్లా మందు ఇచ్చి రావడమే.

"ఏవో పాత డబ్బు విషయాలు" అన్న మాటను దాటేశాను. ఎంత, ఎప్పుడు, ఎవరు ఎవరికి ఇవ్వాలి అని అడగలేదు. సంఘ పెద్దను పట్టుకుని డబ్బు లెక్కలు అడగడం మర్యాద కాదని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. అసలు కారణం వేరు. నాలుగో విడత ఇంకా రావాలి.

మొదటి ప్రయత్నం: మత్తయి 18

చెల్లి ఇంటికి వెళ్లాను. పేతురు అడిగిన ప్రశ్న చదివాను, ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లా అని. "డెబ్బది ఏళ్ల మారులమట్టుకు" అన్న ప్రభువు జవాబు చదివాను. ఆమె చిన్నగా నవ్వి, "చిన్నప్పుడు డెబ్బై ఏళ్లు అనుకునేదాన్ని అయ్యగారూ. ఇప్పుడు నా లెక్కే కరెక్టేమో అనిపిస్తోంది" అంది. ఆ నవ్వు దగ్గర ఆగి ఉంటే బాగుండేది. నేను ఏడేసి చొప్పున డెబ్బై సార్లని అర్థం వివరించి ముందుకు సాగిపోయాను.

తర్వాత క్షమించని దాసుని ఉపమానం చదివాను. పదివేల తలాంతుల అప్పు రాజు కొట్టేశాడు (తలాంతు, దేనారం ఆనాటి డబ్బు లెక్కలు). ఆ దాసుడు బయటికెళ్లి నూరు దేనారాల కోసం తోటి దాసుని గొంతు పట్టుకున్నాడు. "దేవుడు మనకు కొట్టేసిన అప్పు ముందు మనకు రావాల్సింది ఎంతమ్మా?" అన్నాను. ఆమె కాసేపు ఊరుకుంది. "సరే అయ్యగారూ, క్షమించాను" అంది. ప్రార్థన చేశాం. ఆ ఆదివారం బల్లలో పాలుపొందింది. అన్న వచ్చి నా చేతులు పట్టుకుని థాంక్స్ చెప్పాడు. నా నోట్‌బుక్‌లో ఆ రోజు "సమాధానపడ్డారు" అని రాసుకున్నాను. ఆ పేజీ ఇప్పటికీ ఉంది.

తర్వాతి ఏడు వారాలు ఆమె మందిరానికే రాలేదు.

రెండో ప్రయత్నం: ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టడం

ఒంటరిగా మాట్లాడటం వల్ల పని కాలేదేమో, ఇద్దరినీ కలిపితే అవుతుందనుకున్నాను. సాక్షిగా ఒక సంఘ పెద్దను పిలిచాను. ఆయన అన్నకు పాత స్నేహితుడు. దానివల్ల అన్నకు టెన్షన్ తగ్గి మనసు విప్పుతాడని నా ఆలోచన. చెల్లి వైపు కూర్చునే మనిషి గదిలో లేరన్న సంగతి నాకు తట్టనే లేదు.

ప్రార్థనతో మొదలుపెట్టాం. అన్న ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు, అది నటన అని ఇప్పటికీ అనుకోను. "నావల్ల నీ మనసు నొచ్చుకుని ఉంటే క్షమించమ్మా" అన్నాడు. లేచి చెల్లి తల మీద చెయ్యి పెట్టాడు. నా కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. అప్పుడు ఆమె తల ఎత్తి మామూలు గొంతుతో అడిగింది.

"ఎప్పుడిస్తావు అన్నయ్యా?"

గదిలో ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి ఆ పెద్ద, "ఇప్పుడు డబ్బు మాట ఎందుకమ్మా, ఆత్మీయంగా కూర్చున్నప్పుడు" అన్నాడు. ఆమె బ్యాగ్ తీసుకుని వెళ్లిపోయింది.

ఆ క్షణంలో నాకు కోపం వచ్చింది ఆమె మీదే. అంత మంచి వాతావరణాన్ని పాడు చేసిందనిపించింది. "నొచ్చుకుని ఉంటే" అన్న మాటలో తప్పు ఎవరిదో ఎక్కడా లేదు. బాకీ సంగతి లేదు, తేదీ లేదు. ఆ రోజు ఇవేవీ నా చెవికి ఎక్కలేదు.

వద్దనుకున్న దారి

ఈ దశలో ఒకరిద్దరు ఒక సలహా ఇచ్చారు. సంఘంలో కొంత చందా వేసి ఆమె బాకీ తీర్చేద్దాం, గొడవ పోతుందని. మంచి మనసుతోనే అన్నారు. వద్దన్నాను. ఆమెకు డబ్బు వస్తుంది, కానీ అన్న ఉన్న చోటే ఉండిపోతాడు. పైగా ఆమె ఎదురుచూస్తోంది డబ్బు ఒక్కదాని కోసమే అని మేమే ఒప్పుకున్నట్టవుతుంది. మొత్తం కేసులో ఆ ఆరు నెలల్లో నేను సరిగ్గా తీసుకున్న నిర్ణయం బహుశా ఇదొక్కటే.

ఆమె రాసిన ఉత్తరం

రెండు వారాల తర్వాత ఒక పేజీ ఉత్తరం పంపింది. అందులో ముఖ్యమైన భాగం ఆమె అనుమతితో ఇక్కడ పెడుతున్నాను.

"మీరు చదివిన ఉపమానం ఇంటికొచ్చి మళ్లీ చదివాను. అందులో నేనెవర్నో నాకు అర్థం కాలేదు. నేను ఎవరి గొంతూ పట్టుకోలేదు, ఎవర్నీ చెరసాలలో వేయించలేదు. అడగడం కూడా మానేశాను. పోనీ నూరు దేనారాలు బాకీ ఉన్నవాడు ఏం చేశాడు? సాగిలపడి 'నాయెడల ఓర్చుకొనుము, నీకు చెల్లించెదను' అన్నాడు. మా అన్నయ్య ఆ మాటైనా అనలేదు అయ్యగారూ. అని ఉంటే నేను ఓర్చుకునేదాన్నే."

ఆ ఉపమానం మీద నేను ఎన్నిసార్లు ప్రసంగించానో లెక్క లేదు. ఆ రెండో బాకీదారుడు మొదటివాడు రాజుతో అన్న మాటనే అన్నాడని చెప్పాను కూడా. కానీ ఇవ్వాల్సింది ఉందని ఒప్పుకుని, గడువు అడిగిన మనిషి గురించిన కథ అని దాన్ని ఎప్పుడూ చదవలేదు.

అప్పుడు లెక్క వేసి చూశాను. దేనారం అంటే ఒక రోజు కూలి, మత్తయి 20లో ద్రాక్షతోట యజమాని పనివాళ్లతో మాట్లాడుకున్నది అదే. తలాంతు దాదాపు 6,000 దేనారాలు. పదివేల తలాంతులంటే ఆరు కోట్ల రోజుల కూలి, ఏడాదికి 300 పని దినాలు వేసుకుంటే రెండు లక్షల ఏళ్లు. ఇంతవరకు ప్రసంగాల్లో మనమంతా చెప్పేదే. రెండో బాకీని మాత్రం చిల్లర డబ్బులన్నట్టు చెప్పి దాటేస్తాం. నూరు దేనారాలంటే వంద రోజుల కూలి, కూలివాడి ఇంట్లో మూడు నాలుగు నెలల బతుకు. ప్రభువు దాన్ని చిన్న అప్పు చేయలేదు. ఆ అప్పు నిజంగా ఉంది కాబట్టే దాన్ని క్షమించడానికి విలువ. నేను ఆమె 14 నెలల జీతాన్ని "ఎంతమ్మా?" అన్నాను.

వాక్యాలను మళ్లీ చదవడం

ఆ వారం నేను చేసిన పని ఒక్కటే. క్షమాపణ గురించి సువార్తల్లో ఉన్న మాటలన్నీ తీసి, ప్రతి దాని పక్కన ఇది ఎవరితో అన్నది అని రాసుకున్నాను.

లూకా 17:3లో వరుస స్పష్టంగా ఉంది. నీ సహోదరుడు తప్పిదం చేస్తే గద్దించు, మారుమనస్సు పొందితే క్షమించు. నేను గద్దించడాన్ని, మారుమనస్సును వదిలేసి మూడో మాట దగ్గర మొదలుపెట్టాను. పక్క వచనాల్లో రోజుకు ఏడుసార్లు క్షమించమన్నప్పుడు కూడా, ఆ ఏడుసార్లూ అవతలివాడు తిరిగొచ్చి ఒప్పుకుంటాడు. అయినా సరే శిష్యులకు అది ఎంత బరువనిపించిందంటే, వెంటనే మా విశ్వాసం పెంచమని అడిగారు. అపొస్తలులే అలా అన్నప్పుడు నేను ఆమెకు ఇరవై నిమిషాలు టైమ్ ఇచ్చాను.

మార్కు 11:25 దగ్గర కష్టపడ్డాను. అక్కడ మారుమనస్సు షరతు లేదు. ప్రార్థన చేస్తూ నిలబడినప్పుడు ఎవరి మీద ఏమున్నా క్షమించమనే ఉంది. దీన్ని పక్కన పెట్టేస్తే నాకు నచ్చిన వాక్యాలే ఏరుకున్నట్టవుతుంది. చాలాసేపటికి నాకు అర్థమైంది ఇది: ఆ మాట ప్రార్థనలో నిలబడిన మనిషికీ తండ్రికీ మధ్య సంగతి. పగ దింపుకోవడం ఆమె దేవుని ముందు చేసుకోవాల్సిన పని. బాకీ ఉన్నవాడు ఆమెనుంచి దాన్ని అడిగి తీసుకునే హక్కు లేదు. అతని తరఫున వెళ్లి అడిగే హక్కు కాపరికి అసలే లేదు. ఇక ఇద్దరి మధ్య సమాధానం అంటే, అది నిజం బయటపడకుండా కుదరదు.

నన్ను పూర్తిగా కూర్చోబెట్టింది మాత్రం మత్తయి 5:23. బలిపీఠం దగ్గర అర్పణ అర్పిస్తుండగా "నీమీద నీ సహోదరునికి విరోధమేమైనను కలదని" గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి వెళ్లు. ఈ వచనాన్ని బల్ల ఆరాధన ముందు ఎన్నో ఏళ్లుగా చదువుతున్నాను. చదివిన ప్రతిసారీ మనసులో బాధ పెట్టుకున్నవాళ్ల వైపే చూసేవాణ్ని. కానీ అక్కడున్నది అది కాదు. నీకు ఎవరి మీదో విరోధం ఉంటే అని లేదు. నీ మీద నీ సహోదరునికి ఉంటే అని ఉంది. అంటే లేచి వెళ్లాల్సింది బాధపడ్డవాళ్లు కాదు, బాధపెట్టినవాడు. ప్రభువు ఆ మాట అన్నది గలిలయలో. బలిపీఠం యెరూషలేములో, వందకు పైగా కిలోమీటర్ల దూరంలో, మూడు రోజుల నడక. అంత దూరం తెచ్చిన అర్పణను వదిలి వెనక్కి నడిచి, మాట్లాడుకుని, మళ్లీ రమ్మన్నాడు.

ఆ పక్కనే మార్కు 7లో కొర్బాను సంగతి. తల్లిదండ్రులకు అందాల్సినదాన్ని దేవునికి అర్పితమని చెప్పి తప్పించుకోవడాన్ని ప్రభువు వాక్యాన్ని నిరర్థకం చేయడమే అన్నాడు. అన్న చెల్లికి ఇవ్వాల్సింది ఆపి మందిరానికి ఇస్తున్నాడు. ఆ అర్పణ తీసుకుని చప్పట్లు కొట్టించింది నేను. కొత్త హాలులో వేసిన నేల మీద నిలబడే ఆమెకు క్షమాపణ బోధిస్తున్నాను.

ఏది పని చేసింది

ముందు చెల్లి దగ్గరికి వెళ్లాను. ఉపమానం తప్పుగా వాడానని, లెక్క అడగకుండా తీర్పు చెప్పానని, మీటింగులో ఆమె వైపు ఎవరినీ కూర్చోబెట్టలేదని ఒక్కొక్కటిగా చెప్పాను. "నొచ్చుకుని ఉంటే" అన్న మాట రాకుండా జాగ్రత్తపడ్డాను. ఆమె ఏడవలేదు, పర్వాలేదని కూడా అనలేదు. "ఇప్పుడు ఏం చేద్దామనుకుంటున్నారు?" అని అడిగింది. ఏం చేసినా ఆమెకు ముందు చెప్పే చేస్తానన్నాను.

తర్వాత అన్న. మత్తయి 18:15 ప్రకారం తప్పు జరిగినవాళ్లే ముందు ఒంటరిగా వెళ్లి మాట్లాడాలి. ఆమెను మళ్లీ ఒకసారి పంపాలా అని ఆలోచించాను. అడగడం మానేసేదాకా ఆమె చేసింది అదే కదా. కాబట్టి ఇప్పుడు రెండో మెట్టు, ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లడం. ఈసారి పాత స్నేహితుణ్ని కాకుండా, ఇద్దరికీ సమానంగా తెలిసిన, లెక్కలు వచ్చిన ఒకావిడను వెంట తీసుకెళ్లాను.

మూడే ప్రశ్నలు అడిగాం. ఎంత తీసుకున్నారు? ఎంత ఇచ్చారు? ఎంత మిగిలింది? అన్న మొహం ఎర్రబడింది. "యేసు ప్రభువు అప్పులు క్షమించమన్నాడు కదా అయ్యగారూ, ప్రభువు ప్రార్థనలోనే ఉంది" అన్నాడు. ఉంది, మత్తయిలో "ఋణములు" అనే ఉంది. "కానీ బ్రదర్, మా ఋణస్థులను మేము క్షమించిన ప్రకారం అని ప్రార్థిస్తాం. మాకు అప్పిచ్చినవాళ్లు మమ్మల్ని క్షమించాలి అని కాదు" అన్నాను. సంఘం మారిపోతానన్నాడు. అప్పటికి లేచి వచ్చేశాం.

ఆ తర్వాతి ఆదివారం ఆయన నాలుగో విడత కవరు తెచ్చాడు. ఆరాధన అయ్యాక నా టేబుల్ మీద పెట్టాడు. మామూలుగా ఆయన కవరు మీద పేరు చక్కగా రాసి ఉండేది. ఈసారి ఏమీ రాయలేదు. అంటించిన చోట జిగురు ఇంకా తడిగా ఉంది. తీసుకుంటే గొడవ ఉండదు, తీసుకోకపోతే పని ఆగుతుంది. నేను కవరును ఆయన వైపు జరిపాను. "దీన్ని ఇక్కడ వదిలి వెళ్లమని కాదు బ్రదర్, తీసుకుని వెళ్లమనే అడుగుతున్నాను. ముందు చెల్లి దగ్గరికి వెళ్లి రండి. అర్పణ ఎక్కడికీ పోదు."

ఇది ఆయనమీద ఒత్తిడి తేవడమా అని నాకే అనుమానం వచ్చింది. సంఘ పెద్దల మధ్య కూడా చర్చ జరిగింది. ఒకరు ప్రభువు బల్ల కూడా ఆపాలన్నారు. నేను ఒప్పుకోలేదు. మత్తయి 5 ఆపమన్నది అర్పణను. అంతకన్నా ముందుకు వెళ్తే మేము సువార్త చెప్పినదానికి మా కోపం కలిపినట్టే. ఎవరికీ ప్రకటించలేదు, పెద్దరికం నుంచి తీసేయలేదు. ఆయన డబ్బు మాత్రం తీసుకోం అన్నాం. హాలు పడమటి గోడ ప్లాస్టరింగ్ లేకుండా ఏడాదికి పైగా అలాగే ఉండిపోయింది. అడిగినవాళ్లకు నిధులు చాలలేదని చెప్పాం, అది నిజమే.

కలిసి మాట్లాడాలంటే సోమవారం సాయంత్రం రమ్మని ఆయనకు చెప్పి ఉంచాను. మూడో శతాబ్దంలో సిరియా ప్రాంతపు సంఘాల కోసం రాసిన డిడాస్కాలియా అనే గ్రంథం, సహోదరుల మధ్య తగాదాలను బిషప్పులు సోమవారం వినాలని చెప్తుంది. తీర్పు ఎవరికైనా నచ్చకపోతే సర్దుకోవడానికి వారం మొత్తం ఉంటుంది, ఆదివారానికి సమాధానంతో రావచ్చు అని. నేను అంతకుముందు ఇలాంటివన్నీ ఆదివారం ఆరాధన అయ్యాక పది నిమిషాల్లో ముగించేవాణ్ని.

మూడో సోమవారం వచ్చాడు. చాలాసేపు హాలు వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత చెప్పాడు. వ్యాపారం రెండో ఏడాదిలోనే దెబ్బతింది. ఇంట్లోవాళ్లకు కూడా పూర్తిగా తెలియదు. మందిరానికి ఇచ్చిన మూడు విడతలూ బయట అప్పు చేసి ఇచ్చినవే. "పెద్దగా ఉన్నవాణ్ని ఇవ్వకపోతే అందరికీ అర్థమైపోతుంది కదా అయ్యగారూ. అన్నిటికన్నా చెల్లికి తెలియకూడదనుకున్నాను. నాన్న పోయాక దానికి నేనే అండ అని చెప్పుకుంటూ వచ్చాను."

ఆరు నెలలు ఆయన్ని లోభి అనో, ఆమెను చేదు మనసు అనో అనుకున్నాను. ఇద్దరూ కాదు. ఆయన సిగ్గుతో మునిగిపోతున్న మనిషి, నా చప్పట్లు ఆయన్ని ఇంకాస్త లోతుకు తోశాయి. మొదటి రోజే "ఎంత?" అని అడిగి ఉంటే ఈ సంగతి అప్పుడే బయటపడేదేమో.

కాగితం

తర్వాతి సోమవారం ఇద్దరూ వచ్చారు. లెక్కలు వచ్చిన ఆవిడ కూడా ఉన్నారు. ఎంత ఇవ్వాలో నేను నిర్ణయించలేదు. ఆస్తి పంచమని అడిగినవాడితో, మీ మీద నన్ను తీర్పరిగా ఎవరు నియమించారని ప్రభువు అన్న మాట లూకా 12లో ఉంది. నా పని ప్రశ్నలు అడగడం, జవాబులు కాగితం మీదికి వచ్చేలా చూడటం.

అన్న ముందు తన వ్యాపారం సంగతి చెప్పాడు. "నేను నీ దగ్గర 14 నెలల జీతం తీసుకున్నాను. రెండు నెలలది ఇచ్చాను. 12 నెలలది ఇవ్వాలి. ఇవ్వలేకపోయి, నమ్మలేదని నిన్నే నిందించాను" అన్నాడు. నాకు గుర్తున్నంతవరకు ఆమె ఆ రోజు ఏడ్చింది ఇక్కడే. డబ్బు ఇంకా ఒక్క పైసా చేతికి రాలేదు.

లూకా 19లో సుంకాలు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడని అన్నే ఎత్తాడు, తన వల్ల కాదని ఒప్పుకుంటూ. సంఖ్యాకాండం 5లో తప్పు ఒప్పుకున్నవాడు అసలుకు అయిదో వంతు కలిపి ఇవ్వాలని ఉన్న సంగతి నేను చెప్పాను. చెల్లి "అసలు చాలు" అంది. క్షమాపణ అన్న మాట ఎవరూ వాడలేదు కానీ, ఆ అయిదో వంతు వదిలేయడం ఆమె తనంతట తాను చేసిన పని. నెలకు ఆమె జీతంలో పావువంతు చొప్పున 48 వాయిదాలు రాశారు. రెండు కాపీలు, రెండింటి మీద ఇద్దరి సంతకాలు. "ఇవ్వలేని నెల ఉంటే తేదీకి ముందే చెప్పాలి" అన్న వాక్యం ఆమె కోరగా చివర్లో చేర్చాం. నాకు అది చిన్న విషయంగా అనిపించింది.

నా పద్ధతిలో మారినవి

ఇప్పుడు ఎవరైనా ఇంకొకరిని క్షమించమని నచ్చజెప్పడానికి నన్ను పిలిస్తే, ముందు పిలిచినవాళ్లతోనే కూర్చుంటాను. అవతలివాళ్లకు మీ మీద ఏమైనా ఉందా అని అడుగుతాను. సగం కేసులు అక్కడే మలుపు తిరుగుతాయి. డబ్బు సంగతి ఉంటే అంకె అడుగుతాను, సిగ్గుపడకుండా. అంకె చెప్పడానికి ఇష్టపడనివాళ్లు సాధారణంగా అంతకన్నా పెద్ద సంగతేదో దాచుకుని ఉంటారు.

కానుకలు ఇచ్చినవాళ్ల పేర్లు మైకులో చెప్పడం ఆపేశాం. దానధర్మం చేసేటప్పుడు ముందు బూర ఊదించుకోవద్దని మత్తయి 6లో ఉన్నదాన్ని ఇచ్చేవాళ్లకు చెప్తుంటాం, ఊదేవాళ్లం మనమే అని మర్చిపోతాం. దీనివల్ల కొంత రాబడి తగ్గింది. తగ్గనివ్వండి.

ఒక హెచ్చరిక కూడా. ఈ కేసులో ఎవరికీ ఒంటి మీద ప్రమాదం లేదు. కొట్టడం, వేధించడం, పిల్లలకు హాని వంటివి ఉన్నచోట "ఒంటరిగా వెళ్లి మాట్లాడు" అన్న మెట్టును బాధితుల మీద పెట్టకూడదు. ఎదురెదురుగా కూర్చోబెట్టనూ కూడదు. అక్కడ ముందు వాళ్ల భద్రత, చట్టం ఇచ్చే రక్షణ. మత్తయి 18లోనే, ఈ మెట్లకు ముందే, చిన్నవారిని అభ్యంతరపరిచేవాడి మెడకు తిరుగటి రాయి కట్టే మాట ఉంది. ఆ అధ్యాయాన్ని సగం నుంచి చదవడం మనకు అలవాటు.

ఇప్పుడు ఎక్కడున్నారు

అన్న తనంతట తానే పెద్దరికం నుంచి తప్పుకున్నాడు. బయటి అప్పులు తీర్చడానికి వ్యాపారం చిన్నది చేసుకున్నాడు. వాయిదాలు 28 నెలలు తప్పకుండా వచ్చాయి. ఇరవై తొమ్మిదో నెల తేదీకి రెండు రోజుల ముందు ఆయన చెల్లికి ఫోన్ చేశాడు, ఈ నెలా వచ్చే నెలా కుదరదని, ఆ తర్వాత నుంచి ఇస్తానని.

ఆ సాయంత్రం ఆమె నాకు ఫోన్ చేసింది. ఏదో తేడా వచ్చిందేమో అని కంగారుపడ్డాను.

"ఏం లేదు అయ్యగారూ. అన్నయ్య ముందే చెప్పాడు. అది చెప్దామని చేశాను" అంది.

"నువ్వేమన్నావమ్మా?"

"సరేలే అన్నయ్యా, కుదిరినప్పుడు ఇద్దువుగాని అన్నాను."

ఆదివారాలు ఇద్దరూ ఇప్పటికీ వేరువేరు వరుసల్లోనే కూర్చుంటారు. వాయిదాలు మళ్లీ మొదలయ్యాయి, ఇంకా 11 మిగిలి ఉన్నాయి.